చిన్న కారును తూచాల్సింది రెండో గేరులో

చిన్న కారు గురించి ఎవరు చెప్పినా ముందు సున్నా నుంచి వంద వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందో చెబుతారు. ఊళ్లో తిరిగే బండికి ఆ వందతో పనేముంది? సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి నడిచే కారు బతుకంతా సున్నాకీ నలభైకీ మధ్యే గడిచిపోతుంది. అందులోనూ ఎక్కువ భాగం మొదటి, రెండో గేర్లలో, ఏసీ వేసుకుని, పక్కనా వెనకా మనుషుల్ని ఎక్కించుకుని. బ్రోషర్‌లో ఉండే అంకెల్లో దాదాపు ఏదీ ఈ పరిస్థితిలో కొలిచింది కాదు. అందుకే తక్కువ ధర హ్యాచ్‌బ్యాక్ చూడబోయేటప్పుడు బ్రోషర్ కాసేపు పక్కన పెట్టి, ఆ సున్నా-నలభై మధ్య బండి ఎలా ప్రవర్తిస్తుందో పట్టి చూడాలి.

ఇక్కడ చిన్న కారు అంటే మూడున్నర నుంచి నాలుగు మీటర్ల పొడవు, 850 నుంచి 1,050 కిలోల బరువు, 1.0 లేదా 1.2 లీటర్ పెట్రోలు ఇంజిన్, ముందు చక్రాలకు డ్రైవ్ ఉన్న రకం.

రెండో గేరు పరీక్ష

కాస్త లెక్క చూద్దాం. మొదటి గేరు నిష్పత్తి 3.5, రెండోది 1.9, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ దాటాక చక్రాలకి ముందుండే చివరి నిష్పత్తి) 4.3 అనుకోండి. ఈ తరగతి కార్లలో అటూఇటూగా ఇలాగే ఉంటాయి. 175/65 ఆర్14 టైరు ఒక చుట్టు తిరిగితే బండి 1.83 మీటర్లు కదులుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, 800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద ఉండగా క్లచ్ పూర్తిగా వదిలేస్తే మొదటి గేరులో గంటకు 6 కిలోమీటర్లు, రెండో గేరులో దాదాపు 11 కిలోమీటర్ల వేగంతో బండి దానంతటదే పాకుతుంది. రద్దీలో వాహనాల వరుస కదిలే వేగం సరిగ్గా ఈ రెండింటికీ చుట్టుపక్కలే ఉంటుంది. 11 దగ్గర రెండో గేరులో ఇంజిన్ మూలగకుండా లాగితే రద్దీ అంతా రెండో గేరులోనే వెళ్లిపోతుంది. లాగకపోతే ఒకటి, రెండు, మళ్లీ ఒకటి అంటూ గేరు మారుస్తూ ఉండాలి. సాయంత్రానికి ఎడమ మోకాలు నొప్పి పుట్టేది ఇక్కడే.

బ్రోషర్‌లో టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 90 నుంచి 115 న్యూటన్ మీటర్లు అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో 3,500 అనో 4,400 అనో ఆర్‌పీఎం ఇస్తారు. ఊళ్లో ఆ ఆర్‌పీఎం దాకా వెళ్లేది ఎప్పుడో ఒకసారి. మనకి కావలసింది 1,200 దగ్గర ఎంత ఉందో. అది ఎక్కడా రాయరు, నడిపి చూసుకోవలసిందే. చిన్న టర్బో ఇంజిన్లయితే (గాలిని ఒత్తి లోపలికి ఊదే టర్బో ఉన్నవి) 1,500 నుంచి 1,800 దాటాక బ్రహ్మాండంగా లాగుతాయి. దానికి కింద టర్బో ఇంకా ఊదదు, పైగా చాలా వాటిలో కంప్రెషన్ కాస్త తక్కువగా పెడతారు. అందువల్ల ఆ అడుగు భాగంలో అంతే సైజు మామూలు ఇంజిన్ కన్నా బద్ధకంగా ఉండే టర్బోలు ఉన్నాయి. టర్బో అనగానే ఊళ్లో కూడా హుషారు అనుకోకండి.

పరీక్ష ఇలా. బండిలో నలుగురు కూర్చోవాలి. తలా 70 కిలోలనుకుంటే 280 కిలోలు, అంటే 900 కిలోల కారుకి సుమారు 31 శాతం అదనపు బరువు. ఒక్కరే వెళ్లి నడిపిన టెస్ట్ డ్రైవ్‌కి, కుటుంబంతో నడిపే బండికి తేడా అంతా ఈ 31 శాతంలోనే ఉంది. ఏసీ పూర్తిగా పెట్టండి. రెండో గేరులో వేగాన్ని 12కి దిగనివ్వండి. క్లచ్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్‌ని పావు వంతు మాత్రమే తొక్కండి. బండి వణక్కుండా, డాష్‌బోర్డు గిలగిల్లాడకుండా మెల్లగానైనా సాఫీగా వేగం పుంజుకుంటే పాసైనట్టే. కుదుపులతో ముందుకీ వెనక్కీ ఊగితే, ఇంజిన్ నుంచి గులకరాళ్లు దొర్లిన చప్పుడు వస్తే అది నాకింగ్, అంటే పెట్రోలు వేళ తప్పి పేలడం. 15 దాటినా అదే తీరైతే ఆ ఇంజిన్ ఊరికి పనికిరాదు. తరవాత మూడో గేరులో 25 దగ్గర ఇదే చేయండి. అక్కడ ఇంజిన్ 1,300 చిల్లర మీద ఉంటుంది.

ఇంకో మోసం ఉంది, దాన్ని కనిపెట్టాలి. కొన్ని కార్లలో యాక్సిలరేటర్ మొదటి అరంగుళం నొక్కగానే థ్రాటిల్ చాలా ఎక్కువ తెరుచుకునేలా పెడతారు. టెస్ట్ డ్రైవ్‌లో “అబ్బ, పికప్ అదిరింది” అనిపిస్తుంది. నిజానికి మీకు దొరికింది ఎక్కువ శక్తి కాదు, అదే శక్తి ముందుగా. ఇలాంటి బండితో ఇరుకు పార్కింగ్‌లో అంగుళం అంగుళం జరపడం నరకం. సమతల నేల మీద మనిషి నడక వేగంతో ఇరవై మీటర్లు కుదుపు లేకుండా నడపగలరా లేదా చూస్తే ఇది బయటపడుతుంది.

ఈ తరగతిలో ఎక్కువగా ఉండేది మూడు సిలిండర్ల ఇంజిన్. మూడు పిస్టన్లూ 120 డిగ్రీల తేడాతో కదులుతాయి కాబట్టి పైకీ కిందకీ పోయే ప్రధాన బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ ఇంజిన్ రెండు కొసల మధ్య ఊగులాట మాత్రం మిగిలిపోతుంది. దాన్ని అణచడానికి కొందరు బ్యాలెన్స్ షాఫ్ట్ పెడతారు, కొందరు ఫ్లైవీల్‌కీ ముందరి పుల్లీకీ బరువులు చేర్చి, మెత్తని మౌంట్లతో సర్దుకుంటారు. సిగ్నల్ దగ్గర ఆగినట్టు ఆగి, ఏసీ కంప్రెసర్ ఆన్ అయ్యే క్షణం, ఆఫ్ అయ్యే క్షణం గమనించండి. లోపలి అద్దంలో వెనక బండి నంబరు చదవగలరా? సీటు అడుగున వణుకు తెలుస్తోందా? రబ్బరు మౌంట్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి, కుంగుతాయి. కొత్తలోనే వణికే బండి నాలుగేళ్లకి ఇంకా వణుకుతుంది తప్ప సర్దుకోదు.

క్లచ్చూ, క్లచ్ లేనివీ

మాన్యువల్ అయితే గేరు లీవర్ కన్నా క్లచ్ పెడల్ ముఖ్యం. ఎంత బరువుగా ఉంది, ఎంత దూరం తొక్కాలి, ఎక్కడ పట్టుకుంటుంది అన్నవి మూడు వేరు వేరు సంగతులు. పెడల్ పైకొచ్చాక చివర్లో పట్టుకునే క్లచ్ అయితే మడమ నేల మీద ఆనదు, కాలు గాల్లోనే ఉండాలి. మెత్తగా ఉన్నా ఇదే ఎక్కువ అలసట. కేబుల్ క్లచ్ కొత్తలో తేలిగ్గా ఉండి, కేబుల్ అరిగి ఎండేకొద్దీ బరువెక్కుతుంది. హైడ్రాలిక్ క్లచ్ చాలాకాలం ఒకేలా ఉంటుంది, కాకపోతే సిలిండర్ సీళ్లు పోతే పెడల్ కిందకి జారిపోతుంది. ఎడమ కాలు పెట్టుకోవడానికి డెడ్ పెడల్‌కి చోటుందో లేదో చూడండి. లేకపోతే జనం కాలు క్లచ్ మీదే ఆనించి నడుపుతారు. రిలీజ్ బేరింగ్ అరిగేది అలానే.

ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు యంత్రాలు అమ్ముతున్నారు. తక్కువ ధరలో దొరికేది ఏఎంటీ. దీంట్లో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు సింగిల్ క్లచ్చే. మీ కాలూ చెయ్యీ చేసే పని ఒక మోటారో హైడ్రాలిక్ పంపో చేస్తుంది. మైలేజీ మాన్యువల్‌తో సమానంగా వస్తుంది, రిపేరు ఖర్చు మిగతా ఆటోమేటిక్‌లంత ఉండదు. లోపం గేరు మారేటప్పుడు వచ్చే ఆ ఒక్క క్షణం విరామం. కాలు అలాగే నొక్కి ఉంచితే తల ముందుకి ఊగుతుంది. మారబోయే ముందు కాలు కాస్త సడలిస్తే చాలావరకూ సాఫీ అవుతుంది. ఆ కిటుకు రెండు రోజుల్లో అలవాటవుతుంది కాబట్టి నాకది పెద్ద లోపంగా కనబడదు. అసలు ఇబ్బంది ఎత్తు మీద. బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తో బండిని ఏటవాలు మీద నిలబెట్టడం చాలామందికి అలవాటు. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించేది) ఉన్న బండి దాన్ని కాసేపు ఓర్చుకుంటుంది, ఏఎంటీలో క్లచ్ ప్లేటు కాలుతుంది. వాసన వస్తుంది, ఇంకా లాగితే డాష్‌బోర్డులో హెచ్చరిక వస్తుంది. సెల్లార్ ర్యాంప్ మీద మధ్యలో ఆపి, మళ్లీ బయల్దేరించి చూడండి. ఆ తరవాత అదే ర్యాంప్ మీదకి రివర్స్‌లో ఎక్కించండి. హిల్ హోల్డ్ (బ్రేకు వదిలినా బండి జారకుండా కాసేపు పట్టే ఏర్పాటు) ఉన్నదీ లేనిదీ, అది ఎంతసేపు పట్టి ఉంచుతుందన్నదీ అక్కడ తేలిపోతుంది. మామూలుగా రెండు సెకన్ల ప్రాంతంలో వదిలేస్తుంది.

సాఫీతనం ఒక్కటే కావాలంటే ఊరికి సీవీటీని మించింది లేదు. రెండు పుల్లీల మధ్య బెల్టు నిష్పత్తిని మెల్లగా మారుస్తూ పోతుంది. విడివిడి గేర్లే లేవు, కాబట్టి కుదుపూ లేదు. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు ముందు, వేగం తరవాత వస్తాయి. నలభై లోపు ఆ అవసరం ఎప్పుడోగానీ రాదు. దాని ఆయిల్ మాత్రం ప్రత్యేకం, కంపెనీ ఇచ్చే పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి. “జీవితకాలం మార్చక్కర్లేదు” అన్న మాటని నమ్మి వదిలేస్తే బెల్టూ పుల్లీలూ దెబ్బతింటాయి. రద్దీలో నడిచే బండికి కఠిన వాడకం కింద రాసిన గడువు చూసుకోండి. పాత తరం నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కానీ మొండిఘటంలా చాలాకాలం పనిచేస్తుంది. ఇక డ్రై క్లచ్ డీసీటీ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్చులు వంతులుగా పనిచేసేది): ఖాళీ రోడ్డు మీద నాలుగింటిలో ఇదే మేలు, పాకే రద్దీలో ఇదే వేడెక్కేది. పాకేటప్పుడు క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉండటమే కారణం. మీ దారిలో రోజూ అరగంట పాకుడు ఉంటే నేనైతే దీన్ని జాబితాలోంచి తీసేస్తాను.

మైలేజీ అంకె ఎక్కడ పుట్టింది

ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని ఒక పద్ధతి ప్రకారం నడిపి ఇచ్చే అంకె అది. పాత యూరప్ పద్ధతి ఎన్‌ఈడీసీలో సగటు వేగం గంటకు 33.6 కిలోమీటర్లు. కొత్త డబ్ల్యూఎల్‌టీపీలో 46.5 కిలోమీటర్లు, గరిష్ఠంగా 131 దాకా పోతుంది. రద్దీ ఊరిలో సగటు 15 నుంచి 20 దాటదు. పరీక్ష ఎంత నిజాయితీగా చేసినా అది మీ రోడ్డు కాదు.

తేడా ఎక్కడికి పోతుందో లెక్క కడదాం. ఈ సైజు ఇంజిన్ ఏసీ వేసి నిలబడి ఉంటే గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది, ఏసీ లేకపోతే 0.6 నుంచి 0.8 లీటరు. పది కిలోమీటర్ల ప్రయాణం గంటకు 15 సగటుతో 40 నిమిషాలు పడుతుంది. అందులో 12 నిమిషాలు ఆగి ఉన్నారనుకోండి, 0.2 లీటరు అక్కడే పోయింది. కదిలేటప్పుడు లీటరుకు 20 ఇచ్చే బండి ఆ పది కిలోమీటర్లకి 0.5 లీటరు తాగుతుంది. మొత్తం 0.7 లీటరు, అంటే లీటరుకు 14.3. ఇంజిన్‌లో లోపమేమీ లేకుండానే 20 కాస్తా 14 అయింది. ఈ లెక్క తెలిస్తే రెండు కార్ల బ్రోషర్ మైలేజీలో ఒకటి రెండు కిలోమీటర్ల తేడాని పట్టించుకోవడం మానేస్తారు.

మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలే ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. చల్లని ఇంజిన్‌కి మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ పోయాలి. కూలెంట్ వేడెక్కినా ఆయిల్ వేడెక్కడానికి మరింత సమయం పడుతుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కకపోతే అందులో చేరిన నీటి ఆవిరీ, కాలని పెట్రోలూ బయటకి పోవు. ఆయిల్ మూత అడుగున మీగడ రంగు జిడ్డు కనబడేది అందుకే. కంపెనీ మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఆయిల్ మార్చమని ఉన్నా, అదే పుస్తకంలో కఠిన వాడకం అన్న పట్టిక వేరేగా ఉంటుంది. చిన్న ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడిల్, దుమ్ము అన్నీ ఆ పట్టిక కిందకే వస్తాయి. అక్కడి గడువు తరచూ సగమే. డీజిల్ అయితే ఈ వాడకంలో పొగగొట్టంలోని పార్టిక్యులేట్ ఫిల్టర్ పూడుకుపోతుంది. అది శుభ్రపడాలంటే కాసేపు ఆగకుండా వేడిగా నడవాలి. పూర్తిగా ఊరికే పరిమితమైన బండికి డీజిల్ జోలికి పోకండి.

స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న బండిలో మామూలు బ్యాటరీ ఉండదు, ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం ఉంటుంది. మార్చేటప్పుడు చవకగా వస్తోందని మామూలుది వేస్తే త్వరగా చస్తుంది. ఇంజిన్ ఆగితే కంప్రెసర్ కూడా ఆగుతుంది కాబట్టి ఎండాకాలం చాలామంది దాన్ని ఆపేసుకునే నడుపుతారు. అలాంటప్పుడు దాని కోసం అదనంగా చెల్లించడంలో అర్థం లేదు. బడ్జెట్‌లో హైబ్రిడ్ దొరికితే మాత్రం సంగతి వేరు. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత అది వెనక్కి పట్టుకుంటుంది, ఆగి ఆగి నడిచే చోటే దానికి లాభం.

సొంతంగా కొలవాలంటే ఫుల్ ట్యాంక్ పద్ధతే నమ్మకం. పంపు మొదటిసారి కట్ అయిన చోటే ఆపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అలాగే నింపి, పోసిన లీటర్లతో భాగించండి. ఒక ట్యాంకుతో తీర్పు చెప్పకండి, కనీసం మూడు ట్యాంకుల మొత్తం మీద చూడండి. డాష్‌బోర్డు చూపే అంకె సాధారణంగా కాస్త ఆశగా ఉంటుంది.

తిరగడం, దూరడం, కనబడటం

టర్నింగ్ రేడియస్ అంకె చూసేటప్పుడు అది వ్యాసార్ధమా, మొత్తం వలయం వ్యాసమా అన్నది ముందు తేల్చుకోండి. రెండింటికీ రెట్టింపు తేడా. తరవాత అది చక్రం నుంచి చక్రానికి కొలిచిందా, బంపరు మూల నుంచి కొలిచిందా? గోడల మధ్య తిప్పేటప్పుడు లెక్కకొచ్చేది రెండోది, అది ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. ఈ తరగతిలో 4.6 నుంచి 5.2 మీటర్ల వ్యాసార్ధం మామూలు. టొయోటా ఐక్యూ 3.9 మీటర్లలో తిరిగేది. హోండా ఈ 4.3 మీటర్లలో తిరిగేది, దాని డ్రైవ్ వెనక చక్రాలకి కాబట్టి ముందు చక్రాలు ఇంకాస్త వాలడానికి చోటు దొరికింది. ఒకే కారులో ఖరీదైన వేరియంట్‌కి వెడల్పు టైర్లు వేస్తే, లోపలి భాగాలకి రాసుకోకుండా చక్రం తిరిగే కోణం తగ్గించాల్సి వస్తుంది. అందుకే కింది వేరియంట్ ఒక్క మలుపులో తిరిగిన చోట పై వేరియంట్ రివర్స్ వేయాల్సి రావచ్చు.

వెడల్పు అంకెలో అద్దాలు కలపరు. 1.65 మీటర్లన్న కారు అద్దాలు తెరిస్తే మరో 20 సెంటీమీటర్ల పైనే ఆక్రమిస్తుంది. అద్దాలు మడిచే బటన్ విలాసమని తీసిపారేయకండి, ఇరుకు దారిలో రోజూ వాడేది అదే. పార్కింగ్‌లో తలుపు తెరుస్తుంటే మొదట ఎక్కడ ఆగి నిలుస్తుందో చూడండి. పక్క బండికి తగలకుండా సగం తెరిచిన తలుపులోంచి మీ ఇంట్లో పెద్దవాళ్లు దిగగలరా?

కిటికీల అడుగు గీత వెనక్కి పోయేకొద్దీ పైకి లేచే డిజైన్ బయటినుంచి అందంగా ఉంటుంది, లోపలినుంచి వెనక మూలలు మాయం చేస్తుంది. ఎవరినైనా మీటరు ఎత్తు కర్ర పట్టుకుని బండి వెనక నిలబడమనండి. నెమ్మదిగా వెనక్కి నడుస్తూ పోతే ఎంత దూరంలో కర్ర కొస మీకు వెనక అద్దంలో కనబడుతుంది? చిన్నపిల్లల ఎత్తు అది. కెమెరా ఉంది కదా అనుకోవచ్చు, వానలో ఆ లెన్స్ మీద బురద చుక్క పడితే ఏమీ కనబడదు. ముందు అద్దం పక్కనుండే ఏటవాలు స్తంభం కూడా అలాంటిదే. మలుపులో ఒక బైకూ దాని మీద మనిషీ మొత్తం దాని వెనక దాక్కోవచ్చు. సీటు ఎత్తు సర్దుకునే వీలుంటే ఇది కొంత తీరుతుంది. స్టీరింగ్ పైకీ కిందకీ మాత్రమే కదిలి ముందుకూ వెనక్కూ కదలకపోతే పొడుగు వాళ్లకి చేతులు చాచాల్సి వస్తుంది. భుజం సీటుకి ఆని ఉండగా మణికట్టు స్టీరింగ్ పైభాగానికి అందాలి, అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. రెండూ కుదరకపోతే ఆ కారు మీ ఒంటికి సరిపడదు.

గుంతలు

టైరు మీద రాసిన అంకెల్లోంచి గోడ ఎత్తు తేలిగ్గా తీయొచ్చు, వెడల్పుని శాతంతో గుణిస్తే చాలు. 165/80 అయితే 132 మిల్లీమీటర్లు, 175/65 అయితే 114, 195/50 అయితే 97.5. గుంత అంచుకీ రిమ్‌కీ మధ్య ఉన్న మెత్తదనం అంతే. పెద్ద అల్లాయ్ వీల్స్ వేసుకున్న పై వేరియంట్ చిన్న గుంతల మీద గట్టిగా కొడుతుంది, రిమ్ వంగుతుంది, టైరు గోడ లోపలి దారాలు తెగి బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకి రిపేరు లేదు. ఊరి రోడ్ల కోసమైతే పాత పద్ధతి ఎత్తు టైర్లే నాకు నచ్చుతాయి, చూడ్డానికి ఎంత సాదాగా ఉన్నా.

గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ బండికి కొలిచి రాస్తారు. నలుగురెక్కితే వెనక భాగం కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. వాళ్లతోనే స్పీడ్ బ్రేకర్ మీద 20 వేగంతో వెళ్లండి. స్ప్రింగ్ కుంగి ఒక్కసారి లేచి ఆగితే మంచి డాంపర్ (షాక్ అబ్జార్బర్). రెండు మూడు సార్లు ఊగితే వెనక కూర్చున్నవాళ్లకి వికారం ఖాయం. పదునైన గుంత మీదకి ఒక్క చక్రాన్నే దింపి చప్పుడు వినండి. దబ్ మని మూసుకున్నట్టు ఒక్క చప్పుడు రావాలి. టక్ టక్ మంటే స్టెబిలైజర్ లింక్ రాడ్, స్టీరింగ్ తిప్పుతుంటే కటకటమంటే స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్, బ్రేకు వేసినప్పుడు ఒక్క దెబ్బలా కొడితే లోయర్ ఆర్మ్ బుష్. కొత్త బండిలో ఇవి ఉండవు, అదే మోడల్ 40,000 కిలోమీటర్లు తిరిగింది దొరికితే నడిపి వినండి. ఆ కారు నిజమైన సస్పెన్షన్ ఎలాంటిదో అదే చెబుతుంది.

నక్షత్రాలు

క్రాష్ పరీక్ష నక్షత్రాలు చూసేటప్పుడు పక్కన ఏడాది చూడకపోతే చూసినట్టే కాదు. ఫియట్ పుంటోకి యూరో ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి పరీక్షించే సంస్థ) 2005లో ఐదు నక్షత్రాలు ఇచ్చింది. అదే తరం కారు 2017లో మళ్లీ పరీక్షకి వెళ్లి సున్నా తెచ్చుకుంది. మారింది కారు కన్నా ఎక్కువగా కొలబద్ద. రిపోర్టు తెరిచి, 64 కిలోమీటర్ల వేగంతో 40 శాతం భాగం గుద్దించిన ఆఫ్‌సెట్ పరీక్ష ఉంటే అందులో బాడీ షెల్ గురించి ఏం రాశారో చదవండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ రిపోర్టుల్లో స్థిరంగా ఉంది, లేదు అని నేరుగానే రాస్తారు. షెల్ నిలబడని కారుకి ఎన్ని ఎయిర్‌బ్యాగులు చేర్చినా లోపలి చోటు ముడుచుకుపోతుంది. పరీక్షించిన కారులో ఉన్న ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) మీరు కొనే వేరియంట్‌లో ఉన్నాయా అన్నది విడిగా సరిచూసుకోవాలి. వెనక మధ్య సీటుకి మూడు బిందువుల బెల్టు ఉందా, లేక నడుము పట్టీ ఒక్కటేనా? పిల్లలుంటే ఐసోఫిక్స్ కొక్కేలు (పిల్లల సీటు తగిలించేవి) చేత్తో తడిమి చూడండి.

బ్రేకులు ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉంటే తక్కువ చేసి చూడనక్కర్లేదు, ఈ బరువుకి చాలు. పెడల్ మొదటి అంగుళంలో ఏమీ లేకుండా తరవాత ఒక్కసారిగా పట్టే రకం మాత్రం రద్దీలో చిరాకు పెడుతుంది.

ఏసీ గురించి ఒక్క మాట. ఎండలో నిలబెట్టిన బండినే టెస్ట్ డ్రైవ్‌కి అడగండి. కదులుతున్నంతసేపూ అన్ని ఏసీలూ చల్లగానే ఉంటాయి, కండెన్సర్‌కి గాలి తగులుతుంది కాబట్టి. పది నిమిషాలు ఆపి ఐడిల్‌లో ఉంచినప్పుడు గాలి వెచ్చబడితే ఫ్యాన్ చాలడం లేదన్నమాట.

కొన్నాక ఖర్చు

సర్వీసు ఖర్చు పట్టిక షోరూంలో ఇస్తారు, అది ఆయిలూ ఫిల్టర్ల వరకే. మీరు అడగాల్సింది విడి భాగాల ధరలు: ముందు బంపరు, హెడ్‌ల్యాంప్, పక్క అద్దం మొత్తం సెట్టు, క్లచ్ సెట్టు, ముందు షాక్ అబ్జార్బర్ జత, లోయర్ ఆర్మ్, ఏసీ కండెన్సర్. ఊళ్లో పోయేవి ఇవే. అద్దంలోనే ఇండికేటర్, మోటారు, కెమెరా అన్నీ ఉంటే ఒక బైకు తగిలి వెళ్లిన దెబ్బకి మొత్తం మార్చాల్సి వస్తుంది. బల్బు మార్చగలిగే మామూలు హెడ్‌ల్యాంప్‌కీ, మూసేసిన ఎల్‌ఈడీ ల్యాంప్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది.

ఇంజిన్ వాల్వుల్ని నడిపే టైమింగ్‌కి ఉన్నది గొలుసా (చైన్), బెల్టా అని కూడా అడగండి. కొన్ని చిన్న ఇంజిన్లలో బెల్టు ఆయిల్లోనే తడుస్తూ తిరుగుతుంది. తప్పు గ్రేడు ఆయిల్ పోసినా, గడువు దాటించినా ఆ రబ్బరు పొడిగా రాలి ఆయిల్ పంపు జల్లెడని మూసేస్తుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఇంజిన్ పట్టేస్తుంది. ఈ రకం ఇంజిన్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు అయితే ఆయిల్ మార్చిన కాగితాలు లేకుండా ముట్టుకోకండి.

సెకండ్ హ్యాండ్ కోసం ఇంకో రెండు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, తరవాతి రెండూ ఏడాది. నాలుగు టైర్లకీ కలవకపోతే ఎందుకో అడగండి, ఒక అంచే అరిగి ఉంటే అలైన్‌మెంటో వంగిన ఆర్మో. క్లచ్ చూడాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్‌ని పూర్తిగా తొక్కండి. ఇంజిన్ ఆర్‌పీఎం పైకి ఎగిరి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది. ఏఎంటీలో ఇలా చూడటం కష్టం, గేరు దానంతటదే దించేసుకుంటుంది. దానికి మెకానిక్‌తో స్కానర్ పెట్టించి క్లచ్ అరుగుదల లేదా పట్టే బిందువు రీడింగు తీయించండి, చాలా మోడళ్లలో అది వస్తుంది.